క్యాంపర్ వాహనాల్లో గ్యాస్ వంట: పరికరాలు, ప్రమాదాలు, జాగ్రత్తలు

పడక, వంటగట్టు, నీళ్ల తొట్టె అన్నీ లోపలే అమర్చుకుని ఊళ్లు తిరిగే వాహనమే క్యాంపర్. ఐరోపాలో సొంత ఇంజను ఉన్నదాన్ని క్యాంపర్ వ్యాన్ అనీ, పెద్దదైతే మోటార్‌హోమ్ అనీ, కారు వెనక తగిలించి లాక్కెళ్లేదాన్ని కారవాన్ అనీ పిలుస్తారు. అమెరికాలో వీటన్నిటినీ కలిపి ఆర్‌వీ అంటారు. తెలుగునాట కారవాన్ అనగానే షూటింగుల దగ్గర తారల కోసం నిలిపే ఏసీ బండి గుర్తొస్తుంది. అందులో వంట జరగడం అరుదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు మాత్రం వేసవి సెలవుల్లో ఆర్‌వీ అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో వెళ్తూ, దారిలో అన్నం, పప్పు, పోపు అన్నీ ఆ బండిలోనే కానిచ్చుకుంటాయి. ఈ వాహనాల్లో వంటకు ఇప్పటికీ ప్రధాన ఇంధనం ఎల్‌పీజీయే.

మన వంటింట్లో ఉండేదీ అదే గ్యాసు, అదే రకం పొయ్యి. తేడా అంతా గదిలో ఉంది. మామూలు క్యాంపర్ వ్యాన్‌లో మొత్తం గాలి పది ఘనపు మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఆ కాస్త చోటులోనే పొయ్యి వెలుగుతుంది, సిలిండర్ ఉంటుంది, రాత్రికి నలుగురు పడుకుంటారు. పైగా ఆ గది కుదుపుల మీద వేల కిలోమీటర్లు ప్రయాణం చేస్తుంది. అందుకే ఇక్కడ భద్రత మూడు దారుల మీద ఆధారపడి ఉంటుంది: కారిన గ్యాసు కిందికి దిగి బయటపడే దారి, కొత్త గాలి లోపలికి వచ్చే దారి, కాలిన గాలి బయటికి పోయే దారి. వేర్వేరు దేశాల నియమాలు ఎంత పెద్దవిగా కనిపించినా వాటిలో ఎక్కువ భాగం ఈ మూడు దారులను తెరిచి ఉంచమని చెప్పేవే. జరిగే ప్రమాదాల్లో చాలావాటి వెనక, చలికో వానకో దుమ్ముకో ఎవరో ఒక దారి మూసిన సంగతే కనిపిస్తుంది.

చరిత్ర

విహారం కోసమే కట్టించిన తొలి కారవాన్‌గా ‘ది వాండరర్’ను చెబుతారు. స్కాట్లాండ్‌కు చెందిన వైద్యుడు, రచయిత విలియం గార్డన్ స్టేబుల్స్ కోసం 1885లో బ్రిస్టల్ వ్యాగన్ వర్క్స్ దాన్ని తయారుచేసింది. రెండు గుర్రాలు లాగే ఆ బండిలో నూనె పొయ్యి మీద వంట చేసుకునేవారు. 1892లో స్టాక్‌హోంలో ఫ్రాన్స్ విల్‌హెల్మ్ లిండ్‌క్విస్ట్ మసి రాని ప్రైమస్ స్టవ్‌ను తెచ్చాడు. మన ఇళ్లలో గ్యాసు రాకముందు గాలి కొట్టి వెలిగించుకున్న పంపు స్టవ్వులు ఆ వంశానివే. ప్రయాణికులు, కొండలెక్కేవాళ్లు అర శతాబ్దం పాటు దాన్నే నమ్ముకున్నారు.

పెట్రోలు నుంచి ఆవిరై పోతున్న వాయువుల్లో ప్రొపేన్ ఉందని 1910 దశకం మొదట్లో అమెరికా రసాయన శాస్త్రవేత్త వాల్టర్ స్నెల్లింగ్ గుర్తించాక ద్రవరూప గ్యాసు వ్యాపారం మొదలైంది. బ్రిటన్‌లో కాలర్ గ్యాస్ 1935లో ఏర్పడింది. 1949లో ఫ్రాన్స్‌లో నీలం రంగు చిన్న సిలిండర్ల క్యాంపింగ్ గ్యాజ్, జర్మనీలో కారవాన్ గ్యాసు పరికరాలకు పేరుపడ్డ ట్రూమా మొదలయ్యాయి. 1951 నుంచి వెస్ట్‌ఫాలియా సంస్థ ఫోక్స్‌వాగన్ వ్యాన్లలో పడక, అలమరా అమర్చి అమ్మసాగింది. ఆ తర్వాత గ్యాసు పొయ్యి, గ్యాసుతో నడిచే ఫ్రిజ్ క్యాంపర్‌లో సాధారణ వస్తువులయ్యాయి. ప్రమాణాలు మాత్రం ఆలస్యంగా వచ్చాయి. ఐరోపాలో విహార వాహనాల ఎల్‌పీజీ అమరికకు ఈఎన్ 1949, అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ 1192, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 5601 రెండో భాగం ఇప్పుడు ఆధారంగా ఉన్నాయి.

గ్యాసు స్వభావం

ఎల్‌పీజీ అంటే ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్. ఒత్తిడిలో ద్రవంగా ఉండి, వదిలితే ఆవిరవుతాయి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. సాధారణ బ్యూటేన్ మరిగేది మైనస్ 0.5 డిగ్రీల దగ్గర. కాబట్టి గడ్డకట్టే చలిలో బ్యూటేన్ సిలిండర్ నిండుగా ఉన్నా పొయ్యి వెలగదు. అలాంటప్పుడు కొందరు సిలిండర్‌ను వేడినీళ్లలో పెడతారు, ఇంకొందరు మంట చూపిస్తారు. మంట చూపడం ప్రాణాంతకం, వేడినీళ్ల పద్ధతీ సరైంది కాదు. చలి ప్రాంతానికి వెళ్లేవాళ్లు ప్రొపేన్ సిలిండర్ తీసుకెళ్లడమే దీనికి మందు. ఎండ వైపు నుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది. 20 డిగ్రీల వద్ద ప్రొపేన్ సిలిండర్ లోపల ఒత్తిడి 8 బార్ల చుట్టుపక్కల ఉంటే, 50 డిగ్రీలకు అది 17 బార్ల దాకా పోతుంది. మన మే నెల ఎండలో తలుపులు బిగించి నిలిపిన బండి లోపల ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. వాడి పారేసే చిన్న గ్యాసు డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వవద్దని రాసేది ఇందుకే.

సిలిండర్‌ను నిండా నింపరు. వేడికి ద్రవం వ్యాకోచించేందుకు దాదాపు ఐదో వంతు చోటు వదిలి, 80 శాతం వరకే నింపుతారు. ఆ చోటు లేకపోతే ఏమవుతుందో 1978 జూలై 11న స్పెయిన్‌లో తెలిసింది. లోస్ అల్ఫాకెస్ అనే సముద్రతీర క్యాంపు పక్కనుంచి పరిమితికి మించి ప్రొపిలీన్ నింపుకుని వెళ్తున్న ట్యాంకర్ పేలి 200 మందికి పైగా విహారయాత్రికులు చనిపోయారు. అమెరికాలో చిన్న ప్రొపేన్ సిలిండర్లకు పరిమితి దాటగానే నింపడాన్ని ఆపే వాల్వు ఉండి తీరాలని, అది లేనివాటిని నింపకూడదని 2002 నుంచి పట్టుబడుతున్నారు.

ప్రొపేన్ ఆవిరి గాలికంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ ఆవిరి రెండు రెట్లు బరువు. కారిన గ్యాసు పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. పడక కింది అరల్లోకి, నేలలోని గుంటల్లోకి చేరి కదలకుండా ఉంటుంది. గాలిలో అది సుమారు 2 నుంచి 10 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. 2 శాతం అంటే ఎంతో లెక్కేసి చూద్దాం. వ్యాన్ నేల వైశాల్యం 5 చదరపు మీటర్లనుకుందాం. కారిన ప్రొపేన్ నేల నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తు వరకే నిలిచిందనుకుంటే, ఆ పొర అంటుకునే స్థితికి రావడానికి 10 లీటర్ల గ్యాసు చాలు. బరువులో అది 20 గ్రాములు కూడా కాదు. 2 కిలోవాట్ల బర్నర్‌ను వెలిగించకుండా పూర్తిగా తిప్పి వదిలేస్తే అంత గ్యాసు రావడానికి పట్టేది ఏడెనిమిది నిమిషాలు. పిల్లవాడి చేయి నాబ్‌కు తగలడం, పొంగిన పాలు మంటను ఆర్పేయడం లాంటి చిన్న విషయాలను ఈ వాహనాల్లో చిన్నవిగా తీసుకోకపోవడానికి కారణం ఈ లెక్కే.

గ్యాసుకు సహజంగా వాసన లేదు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే ఊరి బడిలో కారిన సహజవాయువును ఎవరూ పసిగట్టలేకపోయారు. పేలుడులో 300 మంది దాకా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. వాసన కలపడాన్ని చట్టం చేసింది ఆ తర్వాతే. ఎల్‌పీజీలో ఇప్పుడు కలిపేది ముఖ్యంగా ఇథైల్ మెర్కాప్టాన్. అయితే నేల దగ్గర నిలిచిన గ్యాసు వాసన నిలబడ్డవాళ్ల ముక్కుకు ఆలస్యంగా చేరుతుంది, నిద్రలో ఉన్నవాళ్లను లేపదు. జలుబు చేసినవాళ్లకు తెలియనే తెలియదు.

గాలి, కాలిన గాలి, కార్బన్ మోనాక్సైడ్

పేలుడంటే అందరికీ భయమే. క్యాంపర్‌లో దానికంటే మోసకారి ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్. పేలుడుకు భయపడి పైపులు, వాల్వులు పదిసార్లు చూసుకునే మనిషే చలేస్తోందని గాలి రంధ్రంలో గుడ్డ కుక్కుతాడు. అందుకే ఈ భాగాన్ని కాస్త విడమరచి చెప్పాలి.

2 కిలోవాట్ల బర్నర్ గంటకు సుమారు 155 గ్రాముల ప్రొపేన్ కాలుస్తుంది. అది శుభ్రంగా కాలడానికి అర కిలోకు పైగా ఆక్సిజన్ కావాలి. కాలాక దాదాపు అర కిలో కార్బన్ డయాక్సైడ్, పావు లీటరు నీటి ఆవిరి వస్తాయి. 10 ఘనపు మీటర్ల వ్యాన్‌లో తలుపులు, కిటికీలు, రంధ్రాలు అన్నీ మూసేసి ఒక్క బర్నర్ గంటసేపు మండిస్తే, లెక్క ప్రకారం ఆక్సిజన్ 21 శాతం నుంచి 17 శాతం దాకా దిగుతుంది. బయటి గాలిలో 0.04 శాతం ఉండే కార్బన్ డయాక్సైడ్ రెండున్నర శాతానికి చేరుతుంది. లోపలున్న మనుషులు పీల్చి వదిలేది దీనికి అదనం. ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సరిగా కాలదు. కార్బన్ డయాక్సైడ్ కావలసిన చోట కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. పావు లీటరు ఆవిరి చల్లటి కిటికీల మీద నీటి బొట్లుగా పేరుకుంటుంది. వంట చేస్తుంటే అద్దాల మీద నీళ్లు కారుతున్నాయంటే గాలి మారడం లేదని అర్థం.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఎల్‌పీజీలో కలిపిన వాసన మంటలో కాలిపోతుంది కాబట్టి అదీ ఆదుకోదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, తల తిరగడం, నీరసం. జ్వరం ఉండదు. ప్రయాణ బడలికనీ, తిన్నది పడలేదనీ సర్దిచెప్పుకుని పడుకుంటారు. ఒకే బండిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళ్లగానే తగ్గితే అనుమానించాల్సింది దీన్నే. గర్భిణులు, పసిపిల్లలు, గుండెజబ్బు ఉన్నవాళ్లు తొందరగా లోబడతారు.

మంట రంగు కొంత చెబుతుంది. నిలకడగా నీలంగా ఉంటే గాలి సరిపోతోంది. పసుపు కొసలు లేవడం, గిన్నె అడుగున మసి పట్టడం, మంట బర్నర్ నుంచి ఎగిరిపడటం కనిపిస్తే పొయ్యి ఆపి బాగుచేయించాలి. అయితే నీలం మంటే కదా అని నిశ్చింతగా ఉండకూడదు. గిన్నె మరీ పెద్దదైతే, దాని చల్లటి అడుగు తగిలి మంట సగంలోనే చల్లారి మోనాక్సైడ్ వస్తుంది. క్యాంపర్ పొయ్యిల తయారీదారులు గిన్నె వ్యాసానికి హద్దు పెట్టేది ఇందుకే.

ఎత్తైన చోట ఈ సమస్య పెరుగుతుంది. లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులు. ఎల్లోస్టోన్ సరస్సు దగ్గర నాలుగింట మూడు వంతులు. పొయ్యి జెట్, అంటే గ్యాసు వచ్చే సన్నటి రంధ్రం, అంతే గ్యాసు వదులుతుంటే, లోపలికి వచ్చే ఆక్సిజన్ తగ్గుతుంది. నీళ్లు కూడా తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి అన్నం ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది, పొయ్యి ఎక్కువసేపు మండుతుంది. ప్రెషర్ కుక్కర్ ఇక్కడ సమయంతోపాటు గాలినీ ఆదా చేస్తుంది.

గాలి రంధ్రాలు వాహనంలో పైన ఒకటి, నేల దగ్గర ఒకటి శాశ్వతంగా తెరిచి ఉండేలా కడతారు. మూత పెట్టే వీలు కావాలనే ఇవ్వరు. వంట చేసేటప్పుడు అవి మాత్రమే చాలవు. పైకప్పు కిటికీ తెరవాలి, పొయ్యి దగ్గరి కిటికీ కొంచెం తీయాలి, ఫ్యాను ఉంటే వేయాలి. వాన పడుతున్నా, మంచు కురుస్తున్నా ఇది తప్పదు.

చలి కాచుకోవడానికి పొయ్యి వెలిగించడం వీటన్నిటిలోకీ పెద్ద తప్పు. అమెరికా ఆర్‌వీల్లో పొయ్యి పక్కన, వంట పరికరాన్ని గది వెచ్చబెట్టడానికి వాడటం సురక్షితం కాదని హెచ్చరిక అంటించి ఉంటుంది. గది వెచ్చబెట్టే అసలు హీటర్ వేరేగా ఉంటుంది. మూసిన పెట్టెలో మండుతూ గాలిని బయటినుంచి తీసుకుని పొగను బయటికే వదులుతుంది. పొయ్యి మంట గదిలోని గాలినే తిని గదిలోనే వదులుతుంది. అలాగే బొగ్గుల కుంపటి, బార్బెక్యూ ఆరిందనుకుని లోపలికి గానీ గుడారంలోకి గానీ తేకూడదు. ఎర్రటి నిప్పు కనబడకపోయినా బొగ్గు గంటల తరబడి మోనాక్సైడ్ వదులుతూనే ఉంటుంది. ఐరోపా క్యాంపుల్లో ఇలా నిద్రలోనే పోయిన కుటుంబాలున్నాయి.

సిలిండర్ అర, రెగ్యులేటర్, గొట్టాలు

సిలిండర్ ఉండే అర వాహనం లోపలి గదితో ఏ సందూ లేకుండా మూసి ఉండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. అర నేలలో ఎప్పుడూ తెరిచి ఉండే రంధ్రం ఉండాలి. ఐరోపా పద్ధతిలో దాని పరిమాణం అర నేల వైశాల్యంలో 2 శాతం, ఏ పరిస్థితిలోనూ 100 చదరపు సెంటీమీటర్లకు తగ్గకూడదు. కారిన గ్యాసు ఆ దారిన రోడ్డు మీదికి దిగిపోతుంది. చాలామంది ఈ అరను సామాన్ల గదిగా వాడి, తాడో టార్పాలినో చాపో ఆ రంధ్రం మీదే పడేస్తారు. అరలో కరెంటు బోర్డు, బ్యాటరీ, ఇన్వర్టర్ లాంటివి ఉంచకూడదు.

సిలిండర్ నిటారుగా నిలబెట్టి, పట్టీతో బిగించాలి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి పోతుంది, పొయ్యి దగ్గర మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. 2003 తర్వాతి ఐరోపా వాహనాల్లో రెగ్యులేటర్‌ను అర గోడకు, సిలిండర్ మూతి కంటే ఎత్తులో బిగిస్తున్నారు. గ్యాసుతో వచ్చే జిడ్డు రెగ్యులేటర్‌లో పేరుకోకుండా వెనక్కి జారడానికి ఈ ఏర్పాటు.

ఒత్తిడి గురించి ఒక మాట. ఐరోపాలో 2003 నుంచి పొయ్యికి చేరే ఒత్తిడి 30 మిల్లీబార్లు. అంతకుముందు బ్రిటన్‌లో ప్రొపేన్‌కు 37, బ్యూటేన్‌కు 28, జర్మనీలో 50 ఉండేవి. అమెరికాలో 11 అంగుళాల నీటిమట్టం, అంటే 27 మిల్లీబార్ల పైచిలుకు. మన ఇళ్ల పొయ్యిలకు చదరపు సెంటీమీటరుకు 30 గ్రాముల ఒత్తిడి, అదీ 29 మిల్లీబార్ల పైమాటే. అంకెలు దగ్గరగా ఉన్నాయి కదా అని ఒక దేశపు పొయ్యికి ఇంకో దేశపు సిలిండర్‌ను వెల్డింగు షాపులో చేయించిన అతుకుతో తగిలించడం మంచిది కాదు. జెట్ రంధ్రం, గ్యాసు మిశ్రమం, వాల్వు బిగింపు అన్నీ వేరు. పాత జర్మన్ క్యాంపర్ కొన్నవాళ్లు 50 మిల్లీబార్ల పొయ్యికి 30 రెగ్యులేటర్ తగిలిస్తే మంట నీరసంగా వస్తుంది. 30 పొయ్యికి 50 తగిలిస్తే మంట అదుపు తప్పుతుంది. పరికరం మీది పలకలో ఒత్తిడి రాసి ఉంటుంది, దాన్ని చూసే బిగించాలి.

రబ్బరు గొట్టం వీలైనంత పొట్టిగా ఉండాలి. మిగతా దారంతా రాగి గొట్టమో ఉక్కు గొట్టమో వేస్తారు. రబ్బరు ఎండకు, కాలానికి బిరుసెక్కి చిట్లుతుంది. దాని మీద తయారైన సంవత్సరం ముద్రించి ఉంటుంది. మన దేశంలో సురక్ష గొట్టాన్ని ఐదేళ్లకోసారి మార్చాలంటారు. నిత్యం కుదుపులు తినే బండిలో ఆ గడువు దాటనివ్వకూడదు. ఆరు నెలలు షెడ్డులో నిలిపిన బండిలో ఎలుకలు కొరికి ఉండవచ్చు. ప్రతి ప్రయాణానికి ముందు బిగింపులన్నిటికీ సబ్బునీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూడటం ఏనాడూ పరీక్ష కాదు. జర్మనీలో జి 607 అనే పద్ధతిలో రెండేళ్లకోసారి నిపుణుల తనిఖీ జరుగుతుంది. బ్రిటన్‌లో గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఈ రకం వాహనాలకు అర్హత ఉన్న మెకానిక్ చేతనే పని చేయించాలి. ఇంటి గ్యాసు పని తెలిసిన ప్రతివాడికీ క్యాంపర్ పని తెలియదు.

వంట పరికరాలు, వంట తీరు

క్యాంపర్‌లో మామూలుగా ఉండేది రెండు మూడు బర్నర్ల పొయ్యి. కొన్నిటిలో కింద ఓవెన్ ఉంటుంది. వీటిలో తప్పనిసరి భాగం మంట ఆరితే గ్యాసు ఆపే ఏర్పాటు. బర్నర్ పక్కన మంటలో ఉండే చిన్న లోహపు మొన థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాల అతుకు వేడెక్కి కొన్ని మిల్లీవోల్టుల కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటే ఒక చిన్న విద్యుదయస్కాంతాన్ని పట్టి వాల్వును తెరిచి ఉంచుతుంది. గాలికో పొంగుకో మంట ఆరితే మొన చల్లారుతుంది, కరెంటు ఆగుతుంది, వాల్వు మూసుకుంటుంది. వెలిగించాక నాబ్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవలసి రావడం ఈ మొన వేడెక్కడానికే. అది విసుగని దాన్ని పీకేసి, తిన్నగా గ్యాసు వచ్చేలా చేయించుకున్న పాత బండ్లు అమ్మకానికి వస్తుంటాయి. వాటిని కొనకపోవడం మేలు. ఈ ఏర్పాటు లేని ఇంటి పొయ్యిని తెచ్చి వ్యాన్‌లో పెట్టుకోవడమూ అంతే ప్రమాదకరం.

పొయ్యికి గాజు మూత ఉంటే, బర్నర్లు చల్లారాకే మూయాలి. వేడి మీద మూస్తే గాజు పగులుతుంది. కిటికీలు ఈ వాహనాల్లో గాజువి కావు, ఎక్కువగా ప్లాస్టిక్‌వి. పెద్ద గిన్నె కింద మంట పక్కకు పాకితే అవి కరుగుతాయి. పరదా ఊగి మంటలో పడటం మరో మామూలు ప్రమాదం.

తెలుగు వంట ఇక్కడ కొన్ని మార్పులు అడుగుతుంది. దోసెల పెనం రెండు బర్నర్లను కప్పేంత పెద్దదైతే వేడి కిందికి తిరిగి నాబ్‌లను, గొట్టాలను కాలుస్తుంది, మంటకు గాలి అందదు. పూరీలు, బజ్జీలు, అప్పడాలు బండి లోపల వద్దు. వాలు నేల మీద నిలిపిన బండిలో బాణలి ఒక పక్కకు ఒరుగుతుంది. నూనె అంటుకుంటే రెండడుగుల దూరంలో పడక ఉంటుంది, తలుపు చాలాసార్లు పొయ్యి పక్కనే ఉంటుంది. వేపుళ్లు బయట, గాలి చాటున, బండికి దూరంగా చేసుకోవాలి. ఆస్ట్రేలియాలో చాలా కారవాన్‌లకు పక్క నుంచి బయటికి జారే వంటగట్టు ఉంటుంది. మన వంటకు సరిపోయే ఏర్పాటు అదే. పోపు లోపల పెట్టవలసి వస్తే కిటికీ తెరిచి పెట్టాలి.

గ్యాసు డబ్బాను పక్కనే బిగించుకునే కాసెట్ స్టవ్వులు ఇప్పుడు చవగ్గా దొరుకుతున్నాయి. వీటి మీద పెద్ద పెనం పెడితే వేడి డబ్బా వైపు పోయి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు గ్యాసును ఆపాల్సిన వాల్వు కొన్ని రకాల్లో సరిగా పనిచేయలేదని తేలడంతో ఆస్ట్రేలియాలో 2015లో వాటి అమ్మకాన్ని ఆపించారు. కాసెట్ స్టవ్వును బయటే వాడాలి. డబ్బా మార్చేదీ బయటే.

హెచ్చరిక పరికరాలు

రెండు వేర్వేరు అలారాలు కావాలి, ఒకటి రెండోదాని పని చేయదు. ఎల్‌పీజీ అలారాన్ని నేలకు దగ్గరగా బిగించాలి. కార్బన్ మోనాక్సైడ్ గాలిలో కలిసిపోతుంది కాబట్టి దాని అలారాన్ని తయారీదారు చెప్పిన ఎత్తులో, పడుకున్నవాళ్ల తలలకు చేరువలో పెడతారు. ఐరోపాలో విహార వాహనాలకు, పడవలకు మోనాక్సైడ్ అలారాల ప్రమాణం ఈఎన్ 50291 రెండో భాగం. కుదుపులకు తట్టుకునే పరీక్ష దానిలో ఉంది, ఇంటి అలారాల భాగంలో లేదు. ఇంటి అలారం ప్రమాణం ప్రకారం గాలిలో పది లక్షల వంతుల్లో 50 వంతుల మోనాక్సైడ్ ఉంటే గంట నుంచి గంటన్నర లోపు, 100 ఉంటే 10 నుంచి 40 నిమిషాల లోపు, 300 ఉంటే మూడు నిమిషాల్లో మోగాలి. సెన్సారుకు ఆయుష్షు ఉంటుంది, గడువు తేదీ దాటాక బటన్ నొక్కితే మోగినంత మాత్రాన గ్యాసును పసిగడుతుందని కాదు. పోపు ఘాటుకో స్ప్రేకో మోగుతోందని ఎల్‌పీజీ అలారం తీగ పీకేయడం ఆర్‌వీ అద్దెకు తీసుకునేవాళ్లలో తరచూ కనిపించే అలవాటు. అలారం ఉందన్న ధైర్యంతో రంధ్రాలు మూయడం అంతకన్నా చెడ్డది.

తలుపు దగ్గర మంటలార్పే పొడి సిలిండర్, పొయ్యి దగ్గర ఫైర్ బ్లాంకెట్ ఉండాలి. నూనె మంట మీద నీళ్లు పోయకూడదు.

ప్రయాణంలో

బండి కదిలేముందు సిలిండర్ వాల్వు కట్టేయాలి. నడుస్తున్న బండిలో వంట చేయకూడదు. ఐరోపాలో చలికాలం హీటర్ నడుపుకుంటూ వెళ్లాలంటే, ఢీకొన్న కుదుపుకు గ్యాసును దానంతటదే ఆపే రెగ్యులేటర్ ఉండాలి. పెట్రోలు బంకులోకి వెళ్లేముందు గ్యాసు ఫ్రిజ్, నీళ్ల హీటర్ మంట ఆర్పాలి. సముద్రం దాటించే ఫెర్రీల్లో, కొన్ని సొరంగాల్లో సిలిండర్లపై ఆంక్షలున్నాయి. ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య ఛానల్ సొరంగ రైలులోకి ఎల్‌పీజీతో నడిచే వాహనాలను అనుమతించరు.

భారతదేశంలో

మోటార్ కారవాన్‌లకు మన దేశంలో ఏఐఎస్ 124 అనే ప్రమాణం ఉంది. కేరళ 2021లో కారవాన్ పర్యాటకాన్ని ప్రత్యేకంగా ప్రారంభించింది. వ్యాన్ కొని సొంతంగా లోపలి గది కట్టించుకునే యువత తెలుగు రాష్ట్రాల్లోనూ పెరుగుతోంది. వీళ్లలో చాలామంది ఇంటి 14.2 కిలోల బండనే బండిలో పెట్టుకుంటారు. అది ఇంటి వంటకే ఇచ్చినది, వేరేచోట వాడటం 2000 నాటి ఎల్‌పీజీ సరఫరా ఉత్తర్వుకు విరుద్ధం. బహిరంగ మార్కెట్ ధరకు దొరికే 5 కిలోల సిలిండర్ చట్టబద్ధం, నిలబెట్టి బిగించడానికీ సులువు. అర మాత్రం పైన చెప్పినట్టే కట్టించుకోవాలి.

తెలుగువాళ్లకు క్యాంపర్ కొత్త కావచ్చు గానీ వంటతో కూడిన ప్రయాణం కొత్త కాదు. కాశీ, రామేశ్వరం యాత్రలకు వంటవాళ్లను, పొయ్యిని, సిలిండర్‌ను బస్సు డిక్కీలో వేసుకుని వెళ్లే యాత్రా బృందాలు మన ఊళ్ల నుంచి ఏటా బయలుదేరుతాయి. దిగి వండుకుంటే ప్రమాదం తక్కువే. వాన పడుతోందనో, టీ ఒక్కటే కదా అనో లోపల వెలిగిస్తే ఏమవుతుందో మదురై చూపించింది. 2023 ఆగస్టు 26న మదురైలో నిలిపి ఉన్న పర్యాటక రైలు పెట్టెలో, నిబంధనలకు విరుద్ధంగా తెచ్చిన సిలిండర్‌తో టీ కాస్తుండగా మంటలంటుకుని తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లు లక్నో వైపు నుంచి వచ్చిన యాత్రికులు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు నిద్రలోనే ప్రాణాలు వదిలారు. అక్కడ కారణం పొయ్యి కాదు, జనరేటర్ నుంచి లోపలికి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్. పుట్టిన చోటు వేరైనా చంపిన వాయువు ఒకటే.

ప్రమాదం జరిగినప్పుడు

గ్యాసు వాసన వస్తే మంటలు ఆర్పాలి. ఏ స్విచ్చూ వేయకూడదు, ఆపకూడదు, ఇంజను తిప్పకూడదు. అందరినీ దించి, తలుపులు తెరిచి, బయటినుంచి సిలిండర్ వాల్వు కట్టాలి. గ్యాసు కిందికి పారుతుంది కాబట్టి పల్లం వైపు నిలబడకూడదు. మన దేశంలో గ్యాసు లీకుకు అత్యవసర నంబరు 1906, బండికి దూరంగా వెళ్లాకే ఫోన్ చేయాలి. వాహనం లోపల మంట చెలరేగితే ఆర్పే ప్రయత్నం కొన్ని సెకన్లు మాత్రమే. ప్లాస్టిక్, ప్లైవుడ్, ఫోమ్‌తో కట్టిన ఈ గదులు నిమిషాల్లో పూర్తిగా అంటుకుంటాయి.

మోనాక్సైడ్ అలారం మోగినా, ఒకరికి మించి తలనొప్పి మొదలైనా వెంటనే బయటి గాలికి రావాలి. స్పృహ తప్పినవారిని మోసుకుని బయటికి తేవాలి. ఆసుపత్రిలో మోనాక్సైడ్ అనుమానం ఉందని తప్పక చెప్పాలి. వేలికి తగిలించే మామూలు ఆక్సీమీటర్ ఆక్సిజన్ పట్టిన హీమోగ్లోబిన్‌నూ, మోనాక్సైడ్ పట్టినదాన్నీ వేరుచేయలేదు. విషం ఎక్కిన మనిషికీ 98, 99 చూపిస్తుంది. అసలు సంగతి చెప్పేది రక్తంలో కార్బాక్సీ హీమోగ్లోబిన్ పరీక్ష. దాని ఫలితం వచ్చేదాకా ఆగకుండా ముఖానికి మాస్కు పెట్టి నిండు ఆక్సిజన్ ఇవ్వడం మొదలుపెడతారు.